అక్క ముందున్న స్పీకరు

మేడ మీది గది,
జూన్ మొదటి ఆదివారం

మామయ్యకి,

ఫోన్ చేస్తే నీకు మాటలన్నీ ముద్దముద్దగా వినిపిస్తున్నాయని అమ్మ చెప్పింది. మెసేజ్ పెడితే "సరే", "చూద్దాం" అని రెండు ముక్కలతో తప్పించుకుంటావు. ఉత్తరమైతే జవాబు రాయక తప్పదు కదా అని కాగితం తీశాను. నా చేతిరాత కోడి గీకినట్టు ఉంటుంది, ఓపిగ్గా చదువు.

విషయం ఏమిటంటే, కొరియర్ ఆఫీసు ఉద్యోగం మానేస్తున్నాను. రెండేళ్ళుగా పార్సిళ్ళ మీద స్టిక్కర్లు అంటించీ అంటించీ ఈమధ్య కలలో కూడా ఎవరో నా నుదుటి మీద బార్‌కోడ్ అంటిస్తున్నారు. నాకు సౌండ్ పని నేర్చుకోవాలని ఉంది. హాలు వెనక అన్ని మీటలున్న ఆ బల్ల ముందు నువ్వు నిలబడేవాడివే, ఆ పని. చిన్నప్పుడు నీ కాళ్ళ దగ్గర కేబుల్ పెట్టె మీద కూర్చుని చూసేదాన్ని. నువ్వు ఒక మీట కొంచెం పైకి తోస్తే పాట మొత్తం దగ్గరికి వచ్చేది. అది అప్పట్నుంచీ మనసులో ఉండిపోయింది.

మూడు నెలల కోర్సు ఒకటి చూశాను. చేరే ముందు నిన్ను అడగమంది అమ్మ. "సౌండ్ గురించి మీ మామయ్యకన్నా తెలిసినవాళ్ళు ఎవరున్నారే" అంది. ఆ మాట అనేటప్పుడు అమ్మ మొహం చూడాల్సింది. ఇప్పటికీ కంటి క్లినిక్‌లో తోటివాళ్ళకి నీ గురించి చెబుతూనే ఉంటుందట. అక్కడ అమ్మ పని రోజంతా టోకెన్ నంబర్లు పిలవడం. మైకు కూడా అక్కర్లేదు, వసారా చివర కూర్చున్న ముసలాయనకి కూడా వినిపిస్తుంది.

ఇంతకీ నువ్వు చెప్పాల్సింది: ఈ పనిలో ఎన్ని రకాలున్నాయి, నేను ఎటు వెళ్ళాలి, ఆడపిల్లకి ఇస్తారా, నువ్వు ఎందుకు మానేశావు. చివరిది చెప్పకపోయినా పరవాలేదు.

నీ పిచ్చుక


మరమ్మతు షాపు,
జూన్ చివర

పిచ్చుకా,

నీ ఉత్తరం వచ్చి పదకొండు రోజులైంది. విప్పిపెట్టిన ఆంప్లిఫయర్ పక్కన పెట్టి రోజూ చూస్తున్నాను. ముందు వద్దని చెబుతాను. తర్వాత అడిగినవి చెబుతాను. వద్దన్నది వినకపోవడం మన ఇంట్లో ఎలాగూ ఉన్నదే.

సౌండ్ పని అంటే ఒక పని కాదు. హాలు వెనక నిలబడి జనానికి వినిపించేదాన్ని కలిపే మనిషి ఉంటాడు. కనిపించేది అతనే కాబట్టి అందరూ అదే మొత్తం పని అనుకుంటారు. పొద్దున్నే లారీతో దిగి, ఏ స్పీకరు ఎంత ఎత్తున వేలాడదీయాలో లెక్క కట్టి, ఎక్కించి, ఆట అయ్యాక దించి మళ్ళీ లారీకెత్తేవాళ్ళు వేరు. వాళ్ళకి పేరు రాదు, నడుంనొప్పి వస్తుంది. కానీ వాళ్ళు సరిగ్గా చేయకపోతే వెనకవాడు తలకిందులుగా తపస్సు చేసినా హాలు బాగుపడదు. నాటకాలకి పనిచేసేవాళ్ళు స్క్రిప్టు మొత్తం కంఠతా పట్టాలి. సినిమాలకి అడుగుల చప్పుడూ తలుపు చప్పుడూ పోగుచేసి అతికించేవాళ్ళున్నారు. చెవికన్నా ఓపిక ఎక్కువ కావాలి వాళ్ళకి. రేడియో ఉంది. స్టేషన్లలో, ఆసుపత్రుల్లో ప్రకటనల స్పీకర్లు బిగించే పని ఉంది. అది నిలకడైన ఉద్యోగం, పెన్షన్‌లాంటి ఉద్యోగం.

నన్నడిగితే రికార్డింగ్ స్టూడియో వైపు వెళ్ళు. అక్కడ తప్పు చేస్తే మళ్ళీ మొదటినుంచి చేయొచ్చు. స్టేజీ దగ్గర ఆ వీలు లేదు. నోరు జారిన మాటా, స్పీకర్లోంచి వెళ్ళిన చప్పుడూ ఒకటే.

ఆడపిల్లకి ఇస్తారా అన్నావు. మీటకి ఆడా మగా తెలియదు, మనుషులకే తెలుస్తుంది. మొదటి ఏడాది ప్రతివాడూ నువ్వు పాడటానికి వచ్చావనుకుని మేకప్ గది అటు అని చెయ్యి చూపిస్తాడు. స్క్రూడ్రైవర్ నడుముకి కట్టుకుని తిరుగు.

నేను మానేసింది చెవి కోసం. ఎడమ చెవిలో మూడేళ్ళుగా ఒక ఈల. చెవిలో జోరీగ అంటారే, అది నాకు సామెత కాదు. పెద్ద పాటల బృందంతో తొమ్మిదేళ్ళు ఊళ్ళు తిరిగితే మిగిలింది అది.

మీ అమ్మ నా గురించి అలా చెప్పుకోవడం మానెయ్యమను.

మామయ్య


శిక్షణ సంస్థ, సెల్లార్,
సెప్టెంబరు

మామయ్యా,

చేరిపోయాను. నీ వద్దు అనేది మొదటి పేరాలోనే అయిపోయింది కదా.

మా క్లాసు సెల్లార్లో. కిటికీలు లేవు, గోడలకి గుడ్లట్టల్లాంటి స్పాంజి. పదిహేడు మందిమి, ఆడవాళ్ళం ఇద్దరం. రెండో ఆవిడ ఇదివరకు దంతవైద్యుడి దగ్గర సహాయకురాలు. డ్రిల్లు చప్పుడుకన్నా భరించలేనిది ఈ లోకంలో లేదు కాబట్టి ఏ మైకు కూసినా తనకి లెక్కలేదంటుంది. మొదటి మూడు వారాలు కేబుళ్ళు చుట్టించారు. ఒక చుట్టు పైనుంచి, ఒక చుట్టు కిందనుంచి, అలా చుడితే విసిరినప్పుడు మెలిపడకుండా పరుచుకుంటుంది. నాకు వచ్చేసింది. ఇంట్లో బట్టలారేసే తాడు కూడా అలాగే చుడుతున్నానని అమ్మ నవ్వింది.

మైకులోంచి వచ్చే సన్నటి గొంతుని మొదట ఎంత పెంచాలి, ఎక్కడ ఆపాలి అనేది నేర్చుకుంటున్నాం. ఎక్కువ పెంచితే చిట్లుతుంది, తక్కువైతే అడుగున బుసలాంటి చప్పుడు. మా మాస్టారు అంటారు, ఇది కూరలో ఉప్పులాంటిది కాదు, తర్వాత సరిచేసుకోవడానికి, మొదట్లోనే పడాలి అని.

నీకో ప్రశ్న. స్టేజీ మీద పాడేవాళ్ళ ఎదురుగా నేల మీద వాలుగా ఒక స్పీకరు పెడతాం కదా, వాళ్ళ గొంతు వాళ్ళకే వినిపించడానికి. అది ఎంత వినిపిస్తోందో వెనకున్న మనకి ఎలా తెలుస్తుంది? జనానికి వెళ్ళేది వేరు, అది వేరు అని ఇప్పుడే తెలిసింది నాకు. ఇన్నాళ్ళూ రెండూ ఒకటే అనుకున్నాను.

అమ్మ ఆరోగ్యం బాగుంది. "తమ్ముడి దారిలో వెళుతోంది మా పిల్ల" అని క్లినిక్‌లో అందరికీ చెప్పిందట. మానెయ్యమని చెప్పాను. వినలేదు.

పిచ్చుక


మరమ్మతు షాపు,
అక్టోబరు

పిచ్చుకా,

దీంతో పాటు చిన్న పెట్టె పంపుతున్నాను. అందులో చెవుల్లో పెట్టుకునే ప్లగ్గులున్నాయి. దూది ఉండలు కావవి, అన్ని స్వరాల్నీ సమానంగా తగ్గిస్తాయి. స్పీకర్ల దగ్గరున్నంతసేపూ పెట్టుకో. ఎవరైనా ఎగతాళి చేస్తే నా పేరు చెప్పు. ఇంకో పదేళ్ళకి ఎగతాళి చేసినవాడే నీ మాటలు మళ్ళీ మళ్ళీ చెప్పించుకుంటాడు.

మీ మాస్టారు చెప్పింది నిజం. మొదట్లో పడ్డదే చివరిదాకా ఉంటుంది. ఇంకొకటి చెవిన వేసుకో. కొత్తవాళ్ళు ఏది వినపడకపోతే దాన్ని పెంచుతారు. అనుభవం ఉన్నవాళ్ళు అడ్డంగా ఉన్నదాన్ని తగ్గిస్తారు. హాలు ఖాళీగా ఉన్నప్పుడు ఒకలా మోగుతుంది, జనం నిండాక ఇంకోలా. మనుషుల బట్టలూ ఒళ్ళూ చప్పుడుని తాగేస్తాయి. అందుకని రిహార్సల్లో కుదిరిందని గుండె మీద చెయ్యేసుకుని కూర్చోకు. మొదటి పాట మొదటి చరణంలోపల మళ్ళీ వెతుక్కోవాలి.

పరీక్షలయ్యాక ఏదైనా ఆడిటోరియంలో చేరు. రోజుకో రకం కార్యక్రమం వస్తుంది. ఏడాది తిరిగేసరికి నీకే తెలుస్తుంది నువ్వు ఎటో.

షాపులో పని ఎక్కువగా ఉంది. ఇక్కడితో ఆపుతాను.

మామయ్య


ఆడిటోరియం, సామాన్ల గది,
డిసెంబరు

మామయ్యా,

నేను అడిగిన ప్రశ్నకి నువ్వు జవాబు రాయలేదు. మర్చిపోయావనుకున్నాను. జవాబు ఇక్కడ దొరికింది.

నెలరోజులుగా ఈ ఆడిటోరియంలో పనిచేస్తున్నాను. ఆరొందల కుర్చీలు, అందులో పద్నాలుగు విరిగినవి. సౌండ్ చూసే ఆవిణ్ణి అందరూ కెప్టెన్ అంటారు. యాభై దాటిన మనిషి, ఎప్పుడూ ఒకే బూడిదరంగు చొక్కా. నాతో మొదటిరోజు అన్న మాట: "నువ్వు తప్పు చేస్తావు. చేసిన నిమిషంలో నాకు చెప్పు. రెండో నిమిషంలో చెబితే తిడతాను. మర్నాడు చెబితే రావద్దంటాను."

పోయిన శనివారం సాయంత్రం పిల్లల పాటల పోటీ. పన్నెండేళ్ళ పాప పాడుతూ పాడుతూ ఒక వేలు పైకి చూపించింది. నేను చూసి, అభినయం చేస్తోంది, బాగుంది అనుకున్నాను. కెప్టెన్ మాత్రం పాట మధ్యలోనే మెట్లు దిగి స్టేజీ పక్కకి పరుగెత్తింది. పాప ముందున్న స్పీకరు ఆగిపోయింది. సరిచేసి వచ్చి నాతో చెప్పింది: "వేలు పైకెత్తితే నా గొంతు నాకు వినపడటం లేదని. దాన్ని వదిలేశామంటే ఆ పిల్ల కళ్ళకి గంతలు కట్టి మెట్లు దిగమన్నట్టే. హాలు వెనక గోడకి తగిలి తిరిగొచ్చే చప్పుడు పట్టుకుని పాడుతుంది. అది ఆలస్యంగా వస్తుంది. ముందు తాళం జారుతుంది, తర్వాత శ్రుతి జారుతుంది."

మామయ్యా, ఆ వేలు నేను ఇదివరకే చూశాను. అమ్మ ఆఖరిసారి పాడిన రోజు నాకు గుర్తుంది. నాకు తొమ్మిదేళ్ళు. నువ్వే సౌండ్ చూశావు. అమ్మ ఆ రోజు వేలు పైకెత్తింది. మూడుసార్లు.

నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెబుతాను. ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు అమ్మ గొంతు తప్పడం, జనం నవ్వడం, ఇంటర్వెల్ తర్వాత అమ్మ మళ్ళీ స్టేజీ ఎక్కనని కూర్చోవడం, ఇవన్నీ నీకూ తెలుసు. ఇంటికి వెళ్ళేటప్పుడు కారు వెనక సీట్లోంచి నేను అన్నాను: "అమ్మా, నువ్వింక పాడకు. మా క్లాసువాళ్ళు కూడా వచ్చారు. అందరూ నవ్వారు." అమ్మ వెనక్కి తిరగలేదు. "సరే తల్లీ" అంది. మర్నాడు పాటల నోటుపుస్తకాలన్నీ తాడుతో కట్టి బీరువా మీద పెట్టేసింది. మళ్ళీ దించలేదు. శ్రుతి జ్ఞానం పోయిందని అందరికీ చెప్పుకుంటుంది. నాకు తెలుసు, అమ్మ మానేసింది నా మాట వల్ల. క్లినిక్‌లో అమ్మ "నలభై రెండు, నలభై మూడు" అని పిలవడం విన్నప్పుడల్లా నాకు తల ఎత్తబుద్ధి కాదు. ఈ పనిలోకి వచ్చింది కూడా అందుకేనేమో. ఎవరి పాటకైనా సాయంగా ఉంటే ఆ మాట తాలూకు అప్పు కొంత తీరుతుందని.

ఇప్పుడు నిన్నే అడుగుతున్నాను. ఆ రోజు అమ్మ ముందున్న స్పీకరు బాగానే పనిచేసిందా? చేసిందంటే అదే రాయి. నేను ఇంకేమీ అడగను.

పిచ్చుక


మరమ్మతు షాపు,
జనవరి

పిచ్చుకా,

పనిచేయలేదు.

మూడు వారాలుగా ఈ ఒక్క మాట రాయడానికి కూర్చుంటున్నాను. ఇక మొత్తం చెబుతాను, మధ్యలో ఆగితే మళ్ళీ రాయలేను.

ఆ రోజు రిహార్సల్లో అంతా సరిగ్గానే ఉంది. అక్క పాడి చూసుకుని చాలంది. కార్యక్రమం మొదలవడానికి పది నిమిషాల ముందు నిర్వాహకులు వచ్చి వేదిక పక్కన కూర్చునే పెద్దలకి ఒక స్పీకరు కావాలన్నారు. లైన్లన్నీ నిండిపోయాయి. అక్క ముందున్న స్పీకరు ప్లగ్గు తీసి ఆ లైను వాళ్ళకి ఇచ్చాను. ఉపన్యాసాలవగానే వాళ్ళ స్పీకర్లోంచి ప్లగ్గు లాగేశాను, అక్క స్పీకరుకి మళ్ళీ పెట్టేద్దామనుకున్నాను. మర్చిపోయాను. అంతే జరిగింది. ఇంకే దెయ్యమూ పట్టలేదు, ఏ యంత్రమూ చెడిపోలేదు.

అక్క మొదటి వేలు ఎత్తినప్పుడు నేను బల్ల దగ్గర మీట పైకి తోశాను. రెండోసారి ఇంకా తోశాను. మూడోసారి పూర్తిగా. ప్లగ్గు లేని చోటికి ఎంత తోస్తే ఏం. అక్కది అలవాటైన గొంతు కాబట్టి ఇవాళేదో నలతగా ఉందనుకున్నాను. మూడో పాటకి వెనక వరసల్లో నవ్వులు మొదలయ్యాయి.

ఇంటర్వెల్‌లో స్టేజీ మీదికి వెళ్ళాను. ప్లగ్గు నేల మీద పడి ఉంది. వంగి పెట్టేశాను. లేచేసరికి అక్క నా ఎదురుగా ఉంది. "తమ్ముడూ, నా గొంతు నాకు వినిపించలేదురా. ఈ స్పీకరు పనిచేస్తోందా?" అని అడిగింది. "చేస్తోందక్కా, అంతా బాగానే ఉంది" అన్నాను.

ఎందుకలా అన్నానో నీకు తెలియాలి. ఆ రోజు మూడో వరసలో ఆ పెద్ద బృందం మేనేజరు కూర్చున్నాడు. నా పని చూడటానికే వచ్చాడు. స్పీకరు ప్లగ్గు మర్చిపోయినవాణ్ణి ఎవరు తీసుకుంటారు? అక్కకి రేపు చెబుదాంలే అనుకున్నాను. పాట పాడిన మనిషికి నలతగా ఉందంటే లోకం నమ్ముతుంది, మళ్ళీసారి బాగా పాడితే మర్చిపోతుంది అనుకున్నాను. ఆ మళ్ళీసారి రాలేదు. వారంలో నాకు ఉద్యోగం వచ్చింది.

ఇంకా ఉంది. అక్క చెవి పరీక్ష చేయించుకుంటానంది. తోడు నేనే వెళ్ళాను. అద్దాల గదిలో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చుంది. కీచుమని చప్పుడు వినిపించినప్పుడల్లా వేలు ఎత్తాలి. నేను బయట బెంచీ మీద కూర్చుని చూస్తున్నాను. ఒక్కటి కూడా తప్పలేదు. ఎంత సన్నటి చప్పుడుకైనా వేలు లేస్తూనే ఉంది. డాక్టరు చెవి నిక్షేపంగా ఉందన్నాడు. బయటికొచ్చి అక్క అంది: "చెవి బాగానే ఉంటే మరి పోయింది లోపలిదేరా." అప్పుడైనా చెప్పాలి కదా. ఆటో పిలిచాను.

ఏ ఊళ్ళో పనిచేసినా ముందు స్టేజీ మీదికెళ్ళి ప్లగ్గులు చూసుకునేవాణ్ణి. ఒకటికి నాలుగుసార్లు. బృందంలోవాళ్ళు నన్ను ఎంత జాగ్రత్త గల మనిషో అని మెచ్చుకునేవాళ్ళు. నువ్వు సౌండ్ నేర్చుకుంటానంటే వద్దన్నది నీ మంచి కోసం కాదు. ఈ పని తెలిసినవాళ్ళెవరైనా ఆ రోజు సంగతి వింటే ఒక్క నిమిషంలో పట్టేస్తారని. స్పీకరు గురించి నువ్వు అడిగితే చెవుల ప్లగ్గులు పంపింది కూడా అందుకే.

నువ్వు తొమ్మిదేళ్ళ వయసులో అన్న మాటని ఇన్నాళ్ళూ మోశావని నాకు తెలియదు. తెలిసుంటే చెప్పేవాణ్ణని రాయబోయి కొట్టేశాను. ఏమో, అప్పుడు కూడా చెప్పేవాణ్ణి కాదేమో. కానీ ఇది మాత్రం నమ్ము. నీ మాట వల్ల మీ అమ్మ పాట మానలేదు. నా మాట వల్ల మానేసింది.

మామయ్య


ఆడిటోరియం,
జనవరి చివర

మామయ్యకి,

చదివాను. సామాన్ల గదిలో కేబుల్ పెట్టె మీద కూర్చుని చదివాను. తర్వాత పని ఉంటే వెళ్ళి చేశాను.

నువ్వు మర్చిపోయిన ప్లగ్గు గురించి నాకు కోపం లేదు. పోయిన నెల నేనే రెండు మర్చిపోయాను. కెప్టెన్‌కి చెప్పాను, తిట్టింది, అయిపోయింది. నువ్వూ అలాగే ఒక్క తిట్టుతో పోయేదాన్ని పన్నెండేళ్ళు దాచావు.

ఏటా సెలవులకి వచ్చేవాడివి. అమ్మ వడ్డిస్తే తినేవాడివి. నువ్వు ఏయే ఊళ్ళు తిరిగావో అమ్మ కళ్ళింత చేసుకుని వినేది. ఒకసారి నువ్వున్నప్పుడే పక్కింటావిడ ఒక పాట పాడమంటే, "నాకిప్పుడు శ్రుతి నిలవదండీ" అంది. నువ్వు టీవీ చూస్తున్నావు. నాకు బాగా గుర్తుంది, ఎందుకంటే నేను అప్పుడు తల దించుకున్నాను.

అమ్మకి నేను చెప్పను. అది నా పని కాదు. నువ్వు చెప్పేదాకా నాకు ఉత్తరం రాయకు.

పిచ్చుక


మరమ్మతు షాపు,
ఫిబ్రవరి

అక్కా,

ఇది నీకు పన్నెండేళ్ళ కిందట నోటితో చెప్పాల్సిన మాట.

నువ్వు ఆఖరిసారి పాడిన రోజు నీ ముందున్న స్పీకరు పనిచేయలేదు. దాని ప్లగ్గు నేనే తీసి, పెట్టడం మర్చిపోయాను. ఇంటర్వెల్‌లో చూసి పెట్టాను. నువ్వు అడిగితే బాగానే ఉందని అబద్ధం చెప్పాను. ఆ రోజు తప్పింది నీ గొంతు కాదు, చెవి కాదు, లోపలిది ఏదీ కాదు. నీ గొంతు నీకు వినపడకుండా చేసి పాడమన్నాను. ఎవరైనా అలాగే తప్పుతారు.

అప్పుడు చెబితే నాకు ఆ ఉద్యోగం వచ్చేది కాదని భయపడ్డాను. తర్వాత, ఇంత ఆలస్యంగా చెబితే నువ్వు ఏమంటావోనని భయపడ్డాను. ఏళ్ళు గడిచేకొద్దీ రెండో భయం పెద్దదైంది. నువ్వు నన్ను పదిమందిలో మెచ్చుకున్నప్పుడల్లా ఎక్కడికైనా పారిపోదామనిపించేది. పారిపోవడానికి ఉద్యోగం కూడా ఉండేది.

పిచ్చుక నన్ను అడిగింది. అందుకే చెబుతున్నాను. అడగకపోతే చెప్పేవాణ్ణా అంటే, తెలియదక్కా. ఆ మాట కూడా దాచదలచుకోలేదు.

నన్ను క్షమించు.

నీ తమ్ముడు


మేడ మీది గది,
మార్చి మొదట్లో

మామయ్యా,

ఉత్తరం అందింది. పోస్టుమన్ ఇచ్చినప్పుడు అమ్మ పనికి బయలుదేరుతోంది. గేటు దగ్గరే నిలబడి చదివింది. మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని క్లినిక్‌కి వెళ్ళిపోయింది. ఎనిమిది రోజులు ఎప్పటిలాగే పనికి వెళ్ళి వచ్చింది. నీ పేరు ఎత్తలేదు. సంగతేమిటని నాన్న నన్ను అడిగితే, అమ్మనే అడగమన్నాను.

తొమ్మిదో రోజు నా గదిలోకి వచ్చి, "మీ హాలు పొద్దున పూట ఖాళీగా ఉంటుందా?" అని అడిగింది. తర్వాత జరిగింది తనే రాస్తానంది. అంతవరకు నేనేమీ చెప్పకూడదట.

పిచ్చుక


ఇంట్లో, వంటగది బల్ల దగ్గర,
మార్చి పదిహేను

తమ్ముడికి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి చదివినప్పుడు నాకు కోపం రాలేదు. వింతగా అనిపించింది. ఎవరో నాకు నా గురించి కొత్త కబురు చెప్పినట్టు. క్లినిక్‌లో ఆ రోజు డెబ్భై ఒక్క టోకెన్లు పిలిచాను, ఒక్కటి కూడా తప్పు పిలవలేదు. కోపం రెండోసారి చదివాక వచ్చింది. ఇంకా ఉంది.

మొన్న పొద్దున పిచ్చుక నన్ను వాళ్ళ హాలుకి తీసుకెళ్ళింది. కెప్టెన్ అని పిలుస్తారే, ఆవిడ తాళం తీసిచ్చి తను బయట కూర్చుంది. ఏమీ అడగలేదు, మంచి మనిషి. పిల్ల నా ముందు ఒక స్పీకరు పెట్టింది, మైకు ఎత్తు సరిచేసింది. ఆ పనంతా అలవోకగా చేసుకుపోతుంటే చూడటానికి ముచ్చటేసింది. పాడమంది. పది నిమిషాలు అలాగే నిలబడ్డాను. తర్వాత పాడాను.

గొంతు తుప్పుపట్టిందిరా. పైస్థాయిలో గీరుకుపోయింది, ఊపిరి సగంలోనే అయిపోయింది. పన్నెండేళ్ళు పక్కన పడేసినదానికి ఇంతకన్నా ఏముంటుంది? కానీ శ్రుతిలో ఉంది. మొదటి నుంచి చివరిదాకా శ్రుతిలోనే ఉంది. నాకు తెలుస్తూనే ఉంది.

అప్పుడు పిల్లకి చెప్పాను, ప్లగ్గు తీసెయ్ అని. "వద్దమ్మా" అంది. తియ్యమన్నాను. తీసింది. అదే పాట మళ్ళీ అందుకున్నాను. నా గొంతు ఆ ఖాళీ కుర్చీల మీదుగా వెళ్ళి వెనక గోడ దగ్గర్నుంచి ఎవరిదో గొంతులా తిరిగొచ్చింది. రెండో చరణంలో జారాను. ఆ రోజు జారిన చోటే. అచ్చంగా అక్కడే. పాట ఆపి స్టేజీ మీద కూలబడ్డాను. పిల్ల భయపడి పరుగెత్తుకొచ్చింది. నేను ఏడవడం లేదు, నవ్వుతున్నాను. తర్వాత ఏడ్చానులే.

ఒక సంగతి చెప్పాలి నీకు. ఆ రోజు స్టేజీ మీద నాకు అనుమానం వచ్చింది. స్పీకరు చచ్చిపోయిందని నా చెవి నాకు చెప్పింది. నువ్వు బాగుందన్నావు. నా చెవికన్నా నిన్ను ఎక్కువ నమ్మాను. నా తమ్ముడికి తెలియదా అనుకున్నాను. అందుకని నా చెవే అబద్ధం చెబుతోందని తీర్మానించుకున్నాను. నువ్వు నా పాట తీసుకున్నావని నేను అనను. మళ్ళీ ఎక్కి పాడి ఉండొచ్చు, నేనే ఎక్కలేదు. నువ్వు తీసుకుంది అది కాదు. పన్నెండేళ్ళుగా ఏ సంగతిలోనైనా, బియ్యం తూకం దగ్గర్నుంచి పిల్ల మొహంలో దిగులు దాకా, నాకు ఒకటి అనిపిస్తే, ఏమోలే నాకే తప్పు తోస్తోందేమో అనుకుని వదిలేశాను. పిల్ల ఎందుకు తల దించుకుంటోందో అడగాలనిపించి కూడా అడగలేదు.

కారులో అన్న మాట గురించి పిల్ల హాల్లో చెప్పింది. ఆ మాట నాకు గుర్తే లేదు తమ్ముడూ. గుర్తే లేదని చెబితే దాన్ని పట్టుకుని ఆపలేకపోయాను. ఇరవై ఒక్క ఏళ్ళ పిల్ల తొమ్మిదేళ్ళదానిలా ఏడ్చింది.

క్షమించమన్నావు. నాకు చేసినదానికి ఎప్పటికో ఒకప్పటికి క్షమిస్తాను, నా సంగతి నాకు తెలుసు, ఎక్కువకాలం మొహం ముడుచుకుని ఉండలేను. పిల్లకి చేసినదానికి క్షమించడం నా చేతిలో లేదు. ముందు దాన్ని అడుగు.

మళ్ళీ సభల్లో పాడతానా అని నువ్వు ఆలోచిస్తుంటావు. పాడను. ఆ ఆశ పెట్టుకుని తేలికపడకు. మంగళవారాలు హాలు ఖాళీగా ఉంటే పొద్దున ఒక గంట వెళ్ళాలనుకుంటున్నాను. అది నా కోసం.

ఉత్తరంలో నువ్వు బాగా రాశావు. ఒక్క మాట కూడా దాచలేదు, చదివినవాళ్ళకి జాలి వేస్తుంది. అందుకే అది చాలదు. వచ్చే ఆదివారం మధ్యాహ్నం ఇంట్లోనే ఉంటాను, పిల్ల కూడా ఉంటుంది. రా. మా ఇద్దరి ఎదురుగా కూర్చుని, మొదటి నుంచి, నోటితో చెప్పు. మధ్యలో నేను లేచి వెళ్ళిపోయినా ఆపకుండా చెప్పు.

అక్క